టీవీకి మన మాట వచ్చేదెప్పుడు?



పోయిన సంచికలో ఇదే గోడ మీద టీవీ గురించి రెండు వ్యాసాలు వచ్చినయి. పదో తరగతి అన్న ఒకరు "టీవీతో చదువు పాడవుతోంది, ఆదివారం కూడా బంద్ పెట్టాలి" అని రాసిండు. ఎనిమిదో తరగతి తమ్ముడు "టీవీ లేకపోతే లోకం ఎట్లా తెలుస్తది, రోజూ ఒక గంట పెట్టాలి" అని జవాబు ఇచ్చిండు. రెండూ రెండుసార్లు చదివాను. ఇద్దరూ టీవీ ఎంతసేపు చూడాలన్న లెక్క దగ్గరే ఆగిపోయారు. నేను అడిగేది వేరే ఉంది. ఆ పెట్టెలో ఎవరి మాట వినిపిస్తోంది? మన మాట ఎప్పుడు వినిపిస్తది? దీని మీద నా అభిప్రాయం రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముందుగా ఒక మాట. నేను టీవీకి శత్రువును కాదు. ఆదివారం సినిమా అంటే అన్నం గంట కంటే ముందు హాల్లో కూర్చునేవాళ్లలో నేనూ ఒకణ్ని. టీవీ చేసిన మేలు కూడా చెప్పుకోవాలి. 2020లో కరోనా వచ్చి బడులన్నీ మూతపడ్డప్పుడు, సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పారు. మా గూడెంలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. పిల్లలమందరం ఆ ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాం. కరెంటు పోతే పాఠం పోయేది. అర్థం కాక చెయ్యి ఎత్తితే టీవీలో ఉన్న సారుకు మన చెయ్యి కనపడదు గదా! పాఠం దాని దారిన అది పోయేది. టీవీ మాట్లాడుతది, కానీ వినదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తది.

ఇప్పుడు సినిమాల సంగతికి వస్తాను. 2023 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ పాట రాసిన చంద్రబోస్ గారు మన ఉమ్మడి వరంగల్ జిల్లా చిట్యాల మండలం చల్లగరిగ ఊరి మనిషి. మనలాగే ఊరి బడి మట్టిలో తిరిగిన మనిషి అమెరికాలో వేదిక ఎక్కి బహుమతి తీసుకుంటే ఎవరికి సంతోషం ఉండదు? ఆ స్టెప్పు వెయ్యని పిల్లగాడు మన హాస్టల్‌లో లేడు. డైనింగ్ హాల్ గచ్చు మీద జారిపడి మోచేతులు పగలగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అయితే ఆ సినిమాలో కథానాయకుడి పేరు కొమరం భీం. గోండు వీరుడు. సినిమాలో ఆయన ఢిల్లీకి పోయి తెల్లదొర కోట మీద పోరాడతాడు. సినిమా తీసినవాళ్లే ఇది కల్పిత కథ అని చెప్పారు కాబట్టి తప్పు పట్టడం లేదు. కానీ అసలు భీం పోరాడింది నిజాం సర్కారు మీద. భూమి కోసం, అడవి కోసం, పశువుల మేత కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. మన తరగతిలో ఎవరినైనా అడిగి చూడండి. భీం పులితో కొట్లాడిన సంగతి అందరికీ తెలుసు. ఎవరి మీద, ఎందుకు పోరాడాడో చెప్పగలిగేవాళ్లు తక్కువ. సినిమా మొదట్లో గోండు గూడెంలో చిన్నపాప పాడే పాట కూడా తెలుగు పాటే. వినడానికి బాగుంది. కానీ గోండు గూడెంలో తల్లి బిడ్డకు ఏ మాటల్లో జోల పాడుతుందో ఆ సినిమా చూసినవాళ్లకు తెలియదు.

అసలు భీం చరిత్ర మీద ఒక సినిమా అంతకుముందే ఉంది. అల్లాణి శ్రీధర్ గారు 1990లోనే 'కొమరం భీం' తీశారు. అది థియేటర్లకు వచ్చింది మాత్రం 2010లో. ఇరవై ఏండ్లు! ఆలోచించండి. పెద్ద హీరో, పెద్ద డబ్బు ఉంటే మన కథ లోకమంతా తిరుగుతది. అవి లేకపోతే అదే కథ ఇరవై ఏండ్లు డబ్బాలో పడి ఉంటది.

మంచి సినిమాలు రాలేదని కాదు. 2021లో 'జై భీమ్' వచ్చింది, తెలుగులో కూడా వచ్చింది. సెలవుల్లో మనలో చాలామంది ఫోన్లలో చూశారు. 1993లో తమిళనాడులో జరిగిన నిజమైన ఘటన అది. పోలీసులు పట్టుకుపోయిన మనిషి కోసం అతని భార్య తరఫున లాయర్ చంద్రు గారు హైకోర్టులో నిలబడ్డారు. తర్వాత ఆయన అదే హైకోర్టులో జడ్జి అయ్యారు. చట్టం అనేది మన కోసం కూడా ఉందని ఆ సినిమా చూసి నాకు మొదటిసారి అనిపించింది. అయినా అసలు బాధితులు కురవలైతే సినిమాలో ఇరుళర్లుగా మార్చి చూపించారు. మంచి సినిమా అయినా సరే, చూసి ఊరుకోకూడదు. చూసినాక నిజం ఏందో అడిగి తెలుసుకోవాలి.

ఇక మామూలు సినిమాల్లో మనల్ని ఎట్లా చూపిస్తారో మీకు తెలిసిందే. మొహానికి రంగు, తలమీద ఈకలు, నడుముకు ఆకులు, చేతిలో బల్లెం. మాట ఉండదు, అరుపులే. హీరోను కట్టేసి మంట చుట్టూ ఎగురుతారు. అందరం నవ్వుతాం. మన గూడేల్లో, తండాల్లో అట్లాంటి మనిషిని ఎవరైనా చూశారా? నేను చూడలేదు. పోయిన జూలైలో ఐదో తరగతిలో ఒక గొత్తికోయ తమ్ముడు కొత్తగా చేరాడు. వాడికి తెలుగు సరిగా రాదు. వాడు మాట్లాడినప్పుడల్లా కొందరు అదే సినిమా అరుపు అరిచి నవ్వేవాళ్లు. వాడు నాలుగు రోజులు నోరు తెరవలేదు. అన్నం కాడ కూడా కంచం చూపించేవాడు తప్ప "ఇంకొంచెం" అని అడగలేదు. అరిచినవాళ్లు ఎవరు? మన కోయలం, మన లంబాడాలం, మన నాయకపోళ్లం. ఆ అరుపు మనకు అమ్మ నేర్పలేదు, తాత నేర్పలేదు. తెర నేర్పింది. మనల్ని వెక్కిరించడం మన చేతనే చేయించింది.

టీవీకి మన మాట రాకపోవడం ఇవాళ్టి సంగతి కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా మన దేశంలో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే ప్రయోగం చేశారు. అమెరికావాళ్ల ఉపగ్రహం తీసుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లలో టీవీలు పెట్టారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఉంది. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చునేది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు కార్యక్రమాలు. ఎంత మంచి పని! కానీ భాషలు నాలుగే: హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం. మొదటి రోజు నుంచే మన భాషలు ఆ పెట్టె బయట నిలబడ్డాయి.

మన భాషలు మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి అనుకుంటారేమో. 2011 జనాభా లెక్కల్లో కోయ మా మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షలకు పైనే. లంబాడీ అని చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షలకు పైగా ఉన్నారు. కానీ ఆ లెక్కను హిందీ కిందికి కలిపి రాశారు. తండాలో ఉన్న ముసలమ్మను హిందీలో పలకరించి చూడండి, ఏం జవాబు వస్తదో! రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలున్నాయి. అందులో కోయ లేదు, గోండి లేదు, లంబాడీ లేదు. సంతాలీ, బోడో మాత్రం 2003లో చేరాయి. ఆ భాషలవాళ్లు ఊరుకోకుండా ఏండ్ల తరబడి అడిగారు కాబట్టి చేరాయి.

బయటివాళ్ల సంగతి సరే, మన సంగతి చూద్దాం. ఇంటికి ఫోన్ చేసే వరుసలో నిలబడ్డప్పుడు గమనించండి. వెనక పది మంది ఉంటే చాలు, మనలో చాలామంది అమ్మతో తెలుగులోనే మాట్లాడుతారు. అటువైపు అమ్మ మన మాటలో అడుగుతది, ఇటువైపు బిడ్డ తెలుగులో జవాబిస్తాడు. మా గదిలో ఒక లంబాడా మిత్రుడు ఉన్నాడు. వెనక ఎవరూ లేనప్పుడు "యాడీ" అని పిలుస్తాడు. ఎవరైనా ఉంటే "మమ్మీ" అంటాడు. నవ్వులాట కాదు మిత్రులారా. మన మాట మన నోట్లోనే దాచుకుంటే టీవీ ఎట్లా పలుకుతది?

మన మాటలో చదువు కుదరదు అనేవాళ్లకు ఒక చరిత్ర చెప్పాలి. భీం చనిపోయినాక నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ని ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించాడు. గోండి భాషలోనే మొదటి వాచకాలు తయారైనయి. కరెంటు లేని రోజుల్లో చేసిన పని అది. ఇప్పుడు ఇంటికో ఫోన్ ఉంది. మనకేం తక్కువ?

తెర ఎవరినైనా గుర్తించిందంటే చాలా ఆలస్యంగా గుర్తిస్తది. 2023లో 'బలగం' సినిమా వచ్చింది. ఊళ్లలో తెరలు కట్టుకుని రాత్రి పూట జనమంతా కలిసి చూశారు. చివర్లో పాడి అందరినీ ఏడిపించిన దంపతులు మొగిలయ్య, కొమురమ్మ గార్లు మన దుగ్గొండి వాళ్లే. ఊరూరా తిరిగి కథలు చెప్పి బతికినవాళ్లు. సినిమా వచ్చేదాకా వాళ్ల పేరు లోకానికి తెలియదు. పేరు వచ్చేనాటికి మొగిలయ్య గారికి కిడ్నీల జబ్బు ముదిరింది. 2024 డిసెంబర్‌లో పోయారు. ఇక మన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి సంగతి చూడండి. మణుగూరు దగ్గర కూనవరం ఆయనది. సమ్మక్క సారలమ్మల కథ, మన గోత్రాల కథలు డోలి మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో ఆయనా పోయారు. ఆయన గుండెలో ఉన్న కథలన్నీ కాగితం మీద లేవు. ఇట్లాంటి పెద్దవాళ్లు మీ గూడెంలో, మీ తండాలో కూడా ఉంటారు. వాళ్లకు పద్మశ్రీ రాదు, టీవీ కెమెరా రాదు. మనం పోవాలి వాళ్ల దగ్గరికి.

మేడారం జాతర వచ్చినప్పుడు చూడండి. 2024 ఫిబ్రవరిలో అన్ని ఛానళ్లూ నాలుగు రోజులు చూపించినయి. డ్రోన్ ఎగరేసి జనాన్ని చూపించారు, పెద్దవాళ్ల కార్లు చూపించారు, బెల్లం కుప్పలు చూపించారు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని, కన్నెపల్లి నుంచి సారలమ్మ తల్లిని తెచ్చేది మన కోయ పూజారులే. వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాటలో, తీరికగా కథ చెప్పించినంతసేపు ఎంత? మైకు పట్టుకున్నవాళ్ల మాటే ఎక్కువ వినిపించింది.

"అయితే మనమేం చెయ్యగలం? మనకు ఛానల్ ఉందా, స్టూడియో ఉందా?" అంటారు. ఉన్నవి చెప్తాను వినండి. పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర అని మొదలైంది. దానికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ ఫోన్ చాలు. ఒక నంబర్‌కు ఫోన్ చేసి మన ఊరి కష్టం, మన పాట, మన వార్త మన భాషలోనే చెప్పాలి. అక్కడున్నవాళ్లు విని, సరిచూసి పెడతారు. ఇంకొకరు ఫోన్ చేసి అదే వింటారు. గోండిలో చెప్పిన మాట గోండిలోనే వినిపిస్తది. నీళ్లు రాని బోరింగు గురించి, కూలి డబ్బులు అందని సంగతి గురించి జనం ఇట్లా చెప్పుకున్నారు. టీవీ మాట్లాడుతది, వినదు అన్నాను గదా. ఇది విన్నది.

ఇంకోటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు దొరికాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. అంటే ఆ అక్షరాలు కంప్యూటర్‌లో, ఫోన్‌లో రాసుకోవడానికి దారి పడింది. 2025లో కేంద్ర గిరిజన శాఖ ఆది వాణి అనే అనువాదం యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండి. ఆ నాలుగింటిలో కోయ, లంబాడీ లేవు. యంత్రానికి భాష ఊరికే రాదు. చిన్నపిల్లకు ఎట్లా వస్తదో దానికీ అట్లాగే, వేల వేల మాటలు వింటేనే, చదివితేనే వస్తది. రికార్డు లేని భాషను అది ఎక్కడ నేర్చుకోవాలి?

రికార్డు చేయడం ఎంత సులువో మా ఇంట్లో చూశాను. పోయిన ఎండాకాలం ఇప్ప పూలు ఏరే రోజుల్లో మా మేనమామ ఫోన్‌లో మా తాత మాటలు రికార్డు చేసిండు. తాత చెప్పింది పెద్ద కథేం కాదు. ఏ చెట్టు ఎవరి తాతలది, ఏ వాగుకు ఆ పేరు ఎందుకు వచ్చింది, ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలి. అంతా కోయలోనే, నాలుగు నిమిషాలు. మా చెల్లెకు కోయ కొంచెమే వస్తది. అది ఆ నాలుగు నిమిషాలు పదిసార్లు విని "ఈ మాటకు అర్థమేంది, ఆ మాటకు అర్థమేంది" అని అందరి ప్రాణం తీసింది. వారం రోజుల్లో దానికి ఇరవై కొత్త మాటలు వచ్చినయి. తాత మాత్రం "నా గొంతు ఇట్లుంటదా, ముసలి పంది గొంతులెక్క ఉన్నది" అని నవ్విండు. రేడియోలో తప్ప గొంతులు ఎక్కడ వినాలనుకున్న మనిషి ఆయన.

కాబట్టి నేను మూడు కోరికలు కోరుతున్నాను.

మొదటిది: ఆదివారం సినిమా ఉండాలి. కానీ సినిమా అయినాక అరగంట కూర్చుని మాట్లాడుకోవాలి. ఇందులో మనవాళ్లు ఉన్నారా, ఉంటే ఎట్లా చూపించారు, నిజంగా అట్లుంటరా అని అడగాలి. తప్పుగా చూపిస్తే తప్పు అనాలి. బాగుంటే చప్పట్లు కొట్టాలి. అరగంటలో చదువేం పాడుకాదు.

రెండోది: సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక పెద్దమనిషి మాటలు ఇంటి ఫోన్‌లో రికార్డు చేసుకుని రావాలి. కథ కావచ్చు, పాట కావచ్చు, విత్తనాల ముచ్చట కావచ్చు. గంట మాటకు ముప్పై ఎం.బి. సరిపోతది. 32 జి.బి. మెమొరీ కార్డులో దగ్గర దగ్గర వెయ్యి గంటలు పడుతయి. ముందు ఆ పెద్దమనిషిని అడగాలి, ఒప్పుకుంటేనే చెయ్యాలి. దేవుడి పాటలు కొన్ని బయట పాడకూడదంటారు, అవి వదిలెయ్యాలి. మొదట్లోనే ఊరు, తేదీ, చెప్పేవాళ్ల పేరు, భాష పేరు చెప్పించాలి, లేకపోతే పదేండ్లకు అది ఎవరి గొంతో కూడా తెలియదు. కార్డు చెడిపోతది కాబట్టి బడి కంప్యూటర్‌లో ఒకటి, ఇంకో కార్డులో ఒకటి, రెండు కాపీలు ఉంచాలి.

మూడోది: నెలకు ఒక ఆదివారం, సినిమాకు ముందు పావుగంట, ఆ రికార్డులు హాల్లో పెద్ద స్పీకర్‌లో వినిపించాలి. ఒక వారం కోయ, ఒక వారం లంబాడీ, ఒక వారం ఎరుకల, ఇట్లా. ఆ గొత్తికోయ తమ్ముడి తాత గొంతు మన హాల్లో మోగితే, వాడి మాటను వెక్కిరించే ధైర్యం ఎవరికి ఉంటది?

వార్డెన్ సారు ఏమంటారో నేను ఊహించగలను. "ఫోన్ పేరు చెప్పి రీల్స్ చూస్తరు, ఆటలు ఆడతరు" అంటారు. ఆ భయం నిజమే సార్. మా ఊళ్లో రాత్రి పన్నెండు దాకా ఫోన్‌లో తల దూర్చి, పొద్దున బర్రెల వెంట నిద్రపోయే పిల్లలు ఉన్నారు. అందుకే హాస్టల్‌లో ఫోన్లు ఇవ్వమని మేము అడగడం లేదు. రికార్డు ఇంటి దగ్గర, ఇంటివాళ్ల ఫోన్‌లోనే. ఇక్కడ వినిపించేది మీ చేతి మీదుగా, మీ ముందే. కార్డులు మీ బీరువాలోనే ఉంటయి. దీనికి ఖర్చు రెండు కార్డుల ధర మాత్రమే.

ఇంకొందరు అంటారు, తెలుగు, ఇంగ్లీషు బాగా వస్తేనే ఉద్యోగం, మన మాట కడుపు నింపుతదా అని. తెలుగు నేర్చుకోవాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి, నేను కాదనను. ఈ వ్యాసం కూడా తెలుగులోనే రాస్తున్నాను. కానీ చంద్రబోస్ గారు ఆస్కార్ తెచ్చింది ఇంగ్లీషు పాటతో కాదు. ఊరి మాటలతో రాసిన పాటతోనే తెచ్చారు. రేపు మనలో ఒకరు సినిమా తీస్తే, ఒకరు టీవీలో వార్తలు చదివితే, ఒకరు కంప్యూటర్ ఇంజనీరై మన భాషను ఫోన్‌కు నేర్పితే, వాళ్లకు కావలసిన సరుకు ఇప్పుడు మన తాతల, అవ్వల నోళ్లలోనే ఉంది. మనం పెద్దయ్యేదాకా వాళ్లు ఆగుతారా?

ఈ కాగితం కింద జానెడు జాగా ఖాళీగా వదిలాను. సంక్రాంతికి ఎవరి గొంతు రికార్డు చేసుకొస్తారో మీ పేరు, ఊరు, భాష పెన్సిల్‌తో రాయండి. శనివారం సాయంత్రం ఆ పేర్లు తీసుకుని వార్డెన్ సారును కలుద్దాం. నా మాట నచ్చనివాళ్లు కూడా అక్కడే రాయండి, వచ్చే సంచికలో జవాబు ఇస్తాను.

ఇట్లు
మీ తోటి విద్యార్థి,
తొమ్మిదో తరగతి